ప్యాకేజీ ఎప్పుడు అడగాలి, ఎప్పుడు నోరు మూసుకోవాలి

డెబియన్, ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌ల మీద కంటైనర్ ఇమేజ్‌లు (ప్రోగ్రాంని దానికి కావలసినవాటితో కలిపి కట్టే మూటలు) కట్టేవాళ్ళకి బాగా తెలిసిన గొడవ ఇది. ప్యాకేజీలు దించి పెట్టే ఆప్ట్ ఇన్‌స్టాల్ కమాండ్‌కి "అడిగితే అవునను" అనే మైనస్ వై తగిలించి, ఇక దాని పని అది చేసుకుంటుందిలే అని వదిలేస్తే, టైమ్ జోన్ల సమాచారం ఉండే టీజెడ్‌డేటా అనే ప్యాకేజీ మధ్యలో ఆగిపోయి "మీరుండే ప్రాంతం ఏది" అంటూ ఖండాల జాబితా చూపిస్తుంది. అక్కడ జవాబు చెప్పడానికి మనిషే లేడు. బిల్డ్ అలా వేలాడుతూనే ఉంటుంది.

మైనస్ వై ఇచ్చాక కూడా ఎందుకు ఆగింది? ఎందుకంటే ఇన్‌స్టాల్ టైంలో ప్రశ్నలు అడిగేది ఒక్కరు కాదు, ముగ్గురు. మొదటిది ఆప్ట్: ఇన్ని ఎంబీ డౌన్‌లోడ్ అవుతుంది, కానివ్వనా అని అడుగుతుంది, మైనస్ వై పనిచేసేది దీని మీద మాత్రమే. రెండోది ప్యాకేజీ లోపల ఉండే స్క్రిప్ట్‌లు, ఇవి డెబ్‌కాన్ఫ్ అనే ప్రోగ్రాం ద్వారా అడుగుతాయి, వీటిని ఆపాలంటే డెబియన్_ఫ్రంట్‌ఎండ్ అనే వేరియబుల్‌ని నాన్‌ఇంటరాక్టివ్ అని పెట్టాలి (ఆ ఒక్క కమాండ్‌కే పెట్టండి, ఇమేజ్ మొత్తానికి అతికిస్తే తర్వాత లోపలికెళ్ళి చేత్తో పని చేసేవాడికి ఒక్క ప్రశ్నా కనపడక తికమకపడతాడు). మూడోది డీపీకేజీ, అంటే ఆప్ట్ కింద ఉండి ప్యాకేజీని విప్పి పెట్టే ప్రోగ్రాం. సెట్టింగ్ ఫైళ్ళుండే ఈటీసీ డైరెక్టరీలో మీరు మార్చుకున్న ఫైలుకి కొత్త వెర్షన్ వస్తే "మీదుంచనా, కొత్తది పెట్టనా" అని అడిగేది అదే, దానికి పై రెండూ పట్టవు, ఫోర్స్ కాన్ఫ్‌ఓల్డ్ (పాత ఫైలునే ఉంచమనేది) లాంటి ఆప్షన్ వేరే ఇవ్వాలి.

ఇదంతా వాడేవాళ్ళ బాధ. నేను రాస్తున్నది అవతలి వైపు వాళ్ళ కోసం, అంటే డెబ్ ప్యాకేజీలు కట్టేవాళ్ళ కోసం. డెబియన్‌లోకి పంపేవాళ్ళే కానక్కర్లేదు, ఆఫీసులో పదిమంది వాడే టూల్‌ని డెబ్‌గా చుట్టి లోపలి రిపాజిటరీలో పెట్టేవాళ్ళకీ ఇవే పద్ధతులు.

ముందు ప్రశ్నని తీసెయ్యడానికి చూడండి

ప్యాకేజీలు ఎలా ఉండాలో నియమాలు రాసిన డెబియన్ పాలసీ చెప్పేది సూటిగా ఉంటుంది: ప్రశ్నలు వీలైనంత తగ్గించండి, అడిగిన ప్రశ్న మళ్ళీ అడగకండి. చదవడానికి తేలికే, పాటించేటప్పుడే చెయ్యి ఆగదు, ఎందుకంటే ప్రశ్న పెట్టడం అనేది నిర్ణయం తీసుకోవడం కంటే సుఖం. పోర్ట్ నంబరు ఎంతుండాలో మనం తేల్చుకోలేక యూజర్‌ని అడుగుతాం. ఆయన అసలు ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో ఇంకా చూడనే లేదు, ఎంటర్ కొట్టి ముందుకెళ్ళిపోతాడు. అప్పుడా ప్రశ్న వల్ల ఎవరికి లాభం?

ఒక బిల్లింగ్ సర్వర్‌ని ప్యాకేజీ చేస్తున్నారనుకోండి. పోర్ట్ ఎంత? అడగక్కర్లేదు, ఒకటి పెట్టెయ్యండి, నచ్చనివాడు కాన్ఫిగరేషన్ ఫైల్లో మార్చుకుంటాడు. లాగ్‌లు ఎక్కడికి? వార్ లాగ్ డైరెక్టరీ కిందకి, ఇంకెక్కడికి. డేటాబేస్ ఇదే మెషిన్‌లో ఉందా, వేరే సర్వర్‌లోనా? ఇది కొంచెం నిజమైన ప్రశ్నే, కానీ మెషిన్‌లో డేటాబేస్ కనపడితే దాన్ని డీఫాల్ట్‌గా తీసుకుని మీడియం స్థాయిలో అడగొచ్చు (స్థాయిల సంగతి కింద చెబుతాను). అడ్మిన్ పాస్‌వర్డ్? చాలామంది ఇక్కడ అడిగేస్తారు, కానీ మొదటిసారి లాగిన్ అయినప్పుడు పెట్టుకోమనడమో, ర్యాండమ్‌గా ఒకటి పుట్టించి రూట్ (సిస్టం మీద పూర్తి హక్కులున్న యూజర్) మాత్రమే చదవగలిగే ఫైల్లో రాయడమో చేస్తే ఆ ప్రశ్నే ఉండదు. చివరికి మిగిలేది ఒకటో రెండో. ఒక్కటీ మిగలకపోతే మరీ మంచిది.

నా లెక్క ప్రకారం ప్రశ్న బతకాలంటే మూడూ ఉండాలి: జవాబు యూజర్‌కి మాత్రమే తెలియాలి, ఇప్పుడు కాకుండా తర్వాత చెబితే నష్టం జరగాలి, ఏ జవాబుకైనా ప్యాకేజీ నిజంగా వేరేగా ప్రవర్తించాలి. నెట్‌వర్క్‌లో వెళ్ళే ప్యాకెట్లని పట్టి చూపించే వైర్‌షార్క్‌ని ఇన్‌స్టాల్ చేసినప్పుడు "రూట్ కానివాళ్ళు కూడా ప్యాకెట్లు పట్టుకోవచ్చా" అని అడుగుతుంది చూడండి, అది సరైన ప్రశ్న. ఆ మెషిన్ ఒక్కడిదా, పదిమంది లాగిన్ అయ్యేదా అన్నది ప్యాకేజీ కట్టినవాడికి తెలిసే దారి లేదు. పైగా డీఫాల్ట్ "వద్దు". ఏం అర్థం కానివాడు ఎంటర్ కొట్టినా సెక్యూరిటీకి ఢోకా లేదు.

వేరే ప్యాకేజీ అదే విషయం ముందే అడిగి ఉంటే, మీరు కొత్తగా అడగకుండా ఆ జవాబునే పంచుకోండి. జీడీఎం3, లైట్‌డీఎం, ఎస్‌డీడీఎం మూడూ ఒకే మెషిన్‌లో ఉన్నా ఏది డీఫాల్ట్ లాగిన్ స్క్రీన్ అన్న ప్రశ్న అన్నిటికీ ఉమ్మడిగా ఒకటే ఉంటుంది. షేర్డ్ అనే పేరుతో మొదలయ్యే డెబ్‌కాన్ఫ్ ప్రశ్నలు దీనికోసమే.

ఎకో, రీడ్ పెట్టి అడగొద్దు

ప్యాకేజీ విప్పాక నడిచే పోస్ట్‌ఇన్‌స్ట్ స్క్రిప్ట్ అంటే మామూలు షెల్ స్క్రిప్టే కదా, తెర మీద చూపించడానికి ఒక ఎకో, టైప్ చేసింది చదవడానికి ఒక రీడ్ పెడితే అయిపోతుంది కదా అనిపిస్తుంది. అవదు. మీ స్క్రిప్ట్ టెర్మినల్ ముందు నడుస్తుందని ఎవరూ మాటివ్వలేదు. గ్రాఫికల్ సాఫ్ట్‌వేర్ స్టోర్‌లో బటన్ నొక్కితే నడవొచ్చు, రాత్రి రెండింటికి తనంతట తానే అప్‌డేట్లు వేసే అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ కింద నడవొచ్చు, మెషిన్లని దూరం నుంచి నడిపే యాన్సిబుల్ వంద మెషిన్ల మీద ఒకేసారి నడపొచ్చు. ఇన్‌పుట్ లేనిచోట రీడ్ ఫెయిలవుతుంది, స్క్రిప్ట్ మొదట్లో, ఏదైనా ఫెయిలైతే ఆగిపొమ్మనే సెట్ మైనస్ ఈ ఉంటే (ఉండాలి కూడా) అక్కడే చచ్చిపోతుంది, ప్యాకేజీ సగం కాన్ఫిగర్ అయిన స్థితిలో ఉండిపోయి తర్వాత చేసే ప్రతి ఆప్ట్ కమాండ్‌కీ అడ్డం పడుతుంది. ఇంకోచోట రీడ్ ఫెయిల్ కాదు, ఎదురుచూస్తూ కూర్చుంటుంది, అది ఇంకా ఘోరం.

ఈ తలనొప్పికి మందుగానే 1990ల చివర్లో జోయీ హెస్ డెబ్‌కాన్ఫ్ రాశాడు. ప్రశ్న ఏమిటో ప్యాకేజీ చెబుతుంది, దాన్ని ఎలా చూపించాలి, అసలు చూపించాలా వద్దా అన్నది డెబ్‌కాన్ఫ్ చూసుకుంటుంది. టెర్మినల్ ఉంటే డైలాగ్ బాక్స్, డెస్క్‌టాప్ ఉంటే విండో, ఏదీ లేకపోతే డీఫాల్ట్ తీసుకుని నిశ్శబ్దంగా ముందుకు. ఇప్పుడు పాలసీ ప్రకారం డెబ్‌కాన్ఫ్ గానీ, ఆ స్పెసిఫికేషన్ పాటించే మరో ప్రోగ్రాం గానీ తప్పనిసరి. ఎసెన్షియల్ ప్యాకేజీలకీ (సిస్టంలో ఎప్పుడూ ఉండితీరాల్సినవి), అవి ఆధారపడేవాటికీ మాత్రం, డెబ్‌కాన్ఫ్ దొరకని పరిస్థితిలో, వేరే దారి పట్టే వెసులుబాటు ఉంది. మీ ప్యాకేజీ అందులోది కాదు.

కావలసినవి రెండు ఫైళ్ళు. టెంప్లేట్స్ ఫైల్లో ప్రశ్న పాఠం, రకం, డీఫాల్ట్ ఉంటాయి. కాన్ఫిగ్ స్క్రిప్ట్‌లో డీబీ_ఇన్‌పుట్‌తో ప్రశ్నని వరసలో పెట్టి, డీబీ_గో అంటే తెర మీదకి వస్తుంది. పోస్ట్‌ఇన్‌స్ట్‌లో డీబీ_గెట్‌తో జవాబు తీసుకుని వాడుకుంటారు. ప్రశ్న చూపించకుండా దాటేస్తే డీబీ_ఇన్‌పుట్ 30 అనే ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. అది ఎర్రర్ కాదు, కాబట్టి ఆ లైన్ చివర "ఆర్ ట్రూ" పెట్టడం మర్చిపోతే నాన్‌ఇంటరాక్టివ్‌లో మీ స్క్రిప్ట్ అక్కడే కూలుతుంది.

కాన్ఫిగ్ స్క్రిప్ట్ గురించి ఒక సంగతి గుర్తుంచుకోండి. అది ప్యాకేజీ విప్పకముందే, మీకు అవసరమని డిపెండ్స్‌లో రాసిన ప్యాకేజీలు ఏవీ రాకముందే నడవొచ్చు. ఆప్ట్ అన్ని ప్యాకేజీల ప్రశ్నలనీ ముందే అడిగేసి తర్వాత పనిలో పడడానికి ఈ ఏర్పాటు. అందుకని అందులో పైథాన్ పిలవడం, మీ ప్యాకేజీలోని బైనరీని పిలవడం కుదరదు, ఎసెన్షియల్ ప్యాకేజీల్లోని సామాన్లతోనే సరిపెట్టుకోవాలి. పైగా అది ఇన్‌స్టాల్‌కి ముందోసారి, పోస్ట్‌ఇన్‌స్ట్‌కి ముందు మరోసారి నడవొచ్చు, కాబట్టి ఎన్నిసార్లు నడిచినా ఫలితం మారకూడదు. ఫైళ్ళు రాయడం, సర్వీస్ ఆపడం లాంటివి అందులో వద్దు, అడగడం వరకే.

ప్రాధాన్యాలు నాలుగు: లో, మీడియం, హై, క్రిటికల్. మామూలుగా యూజర్‌కి హై, ఆపైనవే కనపడతాయి. ప్రతి మెయింటెయినర్‌కీ తన ప్రశ్నే గొప్పగా అనిపించి హై పెట్టేస్తాడు. హై అంటే "సరైన డీఫాల్ట్ లేదు" అని. డీఫాల్ట్ ఉంటే అది మీడియం. జవాబు లేకపోతే సిస్టమే దెబ్బతింటుందంటేనే క్రిటికల్.

జవాబు ఎక్కడ ఉండాలి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. డెబ్‌కాన్ఫ్ జవాబులని వార్ కాష్ కింద తన డేటాబేస్‌లో దాచుకుంటుంది. కాష్ అన్నమాట చూశారుగా, పోయినా ఫరవాలేదనుకునేవి ఉండే చోటు అది. మీ ప్రోగ్రాం సెట్టింగ్ అసలు నివాసం ఈటీసీలోని ఫైలే. డెబ్‌కాన్ఫ్ ఉన్నది అడగడానికి, అది రిజిస్ట్రీ కాదు.

దీన్ని పట్టించుకోకపోతే జరిగేది ఇది. యూజర్ ఇన్‌స్టాల్ టైంలో డేటాబేస్ హోస్ట్ లోకల్‌హోస్ట్ అని చెప్పాడు. ఆర్నెల్ల తర్వాత డేటాబేస్‌ని వేరే మెషిన్‌కి మార్చి, ఈటీసీలో ఫైలు తెరిచి చేత్తో దిద్దుకున్నాడు. తర్వాత మీరు చిన్న బగ్ ఫిక్స్‌తో కొత్త వెర్షన్ వదిలారు. పోస్ట్‌ఇన్‌స్ట్ డెబ్‌కాన్ఫ్‌లో పాత జవాబు చూసి ఫైల్లో మళ్ళీ లోకల్‌హోస్ట్ రాసేసింది. బిల్లింగ్ ఆగిపోయింది. ఏం మారిందో ఆయనకి అంతుపట్టదు, ఎందుకంటే ఆయన ఏం ముట్టుకోలేదు.

దీనికి మందు కాన్ఫిగ్ స్క్రిప్ట్ మొదట్లోనే ఉంది. ఈటీసీలో ఫైలు ఉందా చూడండి, ఉంటే అందులోని విలువలు చదివి డీబీ_సెట్‌తో డెబ్‌కాన్ఫ్‌లో పెట్టండి, ఆ తర్వాతే ప్రశ్నలోకి వెళ్ళండి. అప్పుడు చేత్తో దిద్దినదే నిజం అవుతుంది, డెబ్‌కాన్ఫ్ దాన్ని అనుసరిస్తుంది. పోస్ట్‌ఇన్‌స్ట్ రాసేటప్పుడు కూడా ఫైలు మొత్తం కొత్తగా గీసెయ్యకుండా ఆ ఒక్క లైనే మార్చాలి, యూజర్ రాసుకున్న కామెంట్లు పోకూడదు.

ఇందులోనే ఇంకో మెలిక. స్క్రిప్ట్‌తో మార్చే ఫైలుని కాన్ఫ్‌ఫైల్‌గా (అంటే మార్పులని డీపీకేజీ కాపలా కాసే సెట్టింగ్ ఫైలుగా) పంపొద్దు. ప్యాకేజీ కట్టడానికి సాయపడే డెబ్‌హెల్పర్‌తో కట్టేటప్పుడు ఈటీసీ కింద పెట్టిన ఫైళ్ళన్నీ వాటంతటవే కాన్ఫ్‌ఫైళ్ళయిపోతాయి. అలాంటిదాన్ని మీ పోస్ట్‌ఇన్‌స్ట్ మార్చిందంటే, తర్వాత ఎప్పుడో ప్యాకేజీలోని ఆ ఫైలు కూడా మారినప్పుడు డీపీకేజీ "ఈ ఫైలు మీరు గానీ ఏదైనా స్క్రిప్ట్ గానీ మార్చారు, ఏం చెయ్యమంటారు" అని నిలదీస్తుంది, అదీ ఫైలు మొహమే చూడని యూజర్‌ని. జవాబు చెప్పే మనిషి లేకపోతే అప్‌గ్రేడ్ అక్కడే ఆగిపోతుంది. స్క్రిప్ట్ రాసే ఫైలుని పోస్ట్‌ఇన్‌స్ట్‌లోనే పుట్టించండి, లేదా అలాంటి ఫైళ్ళని చూసుకునే యూసీఎఫ్ అనే టూల్ వాడండి.

పాస్‌వర్డ్ అడగక తప్పకపోతే పాస్‌వర్డ్ రకమే వాడండి, అది రూట్‌కి తప్ప కనపడని వేరే ఫైల్లోకి వెళ్తుంది. పని అవగానే డెబ్‌కాన్ఫ్ నుంచి తుడిచెయ్యండి.

తప్పు జవాబుని మళ్ళీ అడగడం గురించి కూడా చెప్పాలి. పోర్ట్ నంబరు బదులు ఏవో అక్షరాలు కొడితే ఏం చేస్తాం, ప్రశ్న చూపించేశాం అని చెప్పే సీన్ అనే జెండాని ఫాల్స్ చేసి లూప్ పెట్టి సరైనది వచ్చేదాకా అడుగుతాం. నాన్‌ఇంటరాక్టివ్‌లో ప్రశ్న కనపడదు, విలువ మారదు, లూప్ ఎప్పటికీ ఆగదు. జవాబులు ముందే రాసి ఇచ్చే ప్రీసీడ్ ఫైల్లో ఒక్క అక్షరం తప్పు పడితే చాలు, ఆటోమేటిక్ ఇన్‌స్టాల్ తెల్లారేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఇందాకటి 30 కోడ్ ఇక్కడ పనికొస్తుంది: ప్రశ్న చూపించలేదని తెలిస్తే లూప్ వదిలేసి, డీఫాల్ట్ తీసుకోండి, లేదా ఎర్రర్ చెప్పి బయటికి రండి.

ప్రశ్న రాసే తీరు

మాట తిన్నగా ఉండాలి. చిన్న వివరణ ఒక లైను దాటకూడదు, అవునా కాదా అడిగేదైతే ప్రశ్నలా ఉండాలి, ఏదైనా టైప్ చేయించేదైతే కోలన్‌తో ముగియాలి. "అవును నొక్కితే", "కింది బాక్స్‌లో టిక్ పెడితే" లాంటివి రాయొద్దు, మీ ప్రశ్న ఏ రూపంలో కనపడుతుందో మీకు తెలీదు, ఒకచోట అది టిక్ బాక్స్, మరోచోట వై గానీ ఎన్ గానీ. "నేను ఫలానా ఫైలు కనుక్కోలేకపోయాను" అని ప్యాకేజీ తన గురించి తాను మాట్లాడుకోవడం కూడా వద్దు, దానికి లింటియన్ (ప్యాకేజీలో తప్పులు వెతికే టూల్) హెచ్చరిక ఉంది. పెద్ద వివరణలో రాయాల్సింది ఒక్కటే, ఏ జవాబిస్తే ఏం జరుగుతుందో. సర్వర్ గురించి మార్కెటింగ్ అక్కడొద్దు.

పాఠాన్ని పీవో-డెబ్‌కాన్ఫ్‌తో అనువాదానికి వీలుగా పెట్టాలి, ఇది కూడా పాలసీ నియమమే. డెబియన్ ఇన్‌స్టాలర్ భాషల జాబితాలో తెలుగు ఉంది, కాబట్టి మీ టెంప్లేట్ ఏదో ఒకరోజు తెలుగు చేసేవాడి చేతిలో పడొచ్చు. సగం వాక్యం ఒక ముక్కలో, ప్యాకేజీ పేరు వేరియబుల్‌లో, మిగతా సగం ఇంకో ముక్కలో పెట్టి స్క్రిప్ట్‌తో అతికిస్తే, క్రియ చివరికి వచ్చే మన భాషలో ఆ ముక్కల్ని ఎవరూ కలపలేరు. వాక్యం మొత్తం ఒకేచోట ఉంచండి.

ఏమీ అడగకుండా ఏదో చెప్పడానికే ఆపే నోట్ రకం గురించి నా అభిప్రాయం: దాదాపు ఎప్పుడూ వద్దు. "ఇన్‌స్టాల్ చేసినందుకు ధన్యవాదాలు", "డాక్యుమెంటేషన్ ఇక్కడుంది", కాపీరైట్ సమాచారం... ఇవన్నీ చెప్పడానికి పనిని ఆపి ఎంటర్ కొట్టించుకోవడం అన్యాయం. కాపీరైట్‌కి కాపీరైట్ ఫైలు ఉంది, కొత్త వెర్షన్‌లో మారిన సంగతులకి న్యూస్ డాట్ డెబియన్ ఉంది, ఆప్ట్-లిస్ట్‌ఛేంజెస్ ఉన్నవాళ్ళకి అది అప్‌గ్రేడ్ టైంలో దానంతటదే కనపడుతుంది. ఈ ఫైలు మార్చకుండా దీన్ని నడిపితే నష్టం జరుగుతుంది అన్నంత విషయమైతేనే ఆపి చెప్పండి.

తీసేసేటప్పుడు

ఇన్‌స్టాల్ మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా రిమూవల్ మీద ఎవరూ పెట్టరు, అసలు డేటా పోయేది మాత్రం ఇక్కడే.

రిమూవ్ వేరు, పర్జ్ వేరు. రిమూవ్ చేస్తే ప్రోగ్రాం పోతుంది, ఈటీసీలో ఫైళ్ళు, డెబ్‌కాన్ఫ్ జవాబులు ఉంటాయి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే పాత ప్రశ్నలు అడగకుండా పని మొదలవ్వాలి. పర్జ్ చేస్తే అవన్నీ పోతాయి, డీబీ_పర్జ్ పిలవాల్సింది అక్కడే, ఆ తర్వాత ఇన్‌స్టాల్ చేస్తే ప్రశ్నలు కొత్తగా రావడం న్యాయం. రిమూవ్‌లో "నిజంగా తీసెయ్యనా" అని అడగొద్దు. ఆప్ట్ అడిగింది, ఆయన అవునన్నాడు, అయిపోయింది.

రిమూవ్‌లో ఆపి అడగదగ్గ సందర్భం ఎలా ఉంటుందో చూడాలంటే లినక్స్ కర్నెల్ ప్యాకేజీని చూడండి. ఇప్పుడు నడుస్తున్న కర్నెల్‌నే తీసెయ్యబోతే, తీసే ముందు నడిచే ప్రీఆర్‌ఎం స్క్రిప్ట్ ఆపి "ఈ పని మానుకోవాలా" అని అడుగుతుంది, డీఫాల్ట్ "మానుకో". ముందుకెళ్తే మెషిన్ మళ్ళీ బూట్ కాకపోవచ్చు కాబట్టి ఆ ప్రశ్నకి హక్కుంది.

పర్జ్‌లో వచ్చే అసలు ప్రశ్న యూజర్ డేటా. వార్ లిబ్ కింద మీ బిల్లింగ్ సర్వర్ పెట్టుకున్న మూడేళ్ళ ఇన్‌వాయిస్‌లు ఉన్నాయి. వాటిని చెప్పాపెట్టకుండా తుడిచేస్తే క్షమించరు. మారియాడీబీ సర్వర్‌ని పర్జ్ చేస్తే "డేటాబేస్‌లన్నీ కూడా తీసెయ్యనా" అని అడుగుతుంది, అది చూసి నేర్చుకోండి. డీఫాల్ట్ ఎప్పుడూ "ఉంచు" అనే ఉండాలి, ఎందుకంటే నాన్‌ఇంటరాక్టివ్‌లో నడిచేది డీఫాల్టే. ఉంచితే పోయేది కొంత డిస్క్, తర్వాత ఎప్పుడైనా తీసుకోవచ్చు. ప్రశ్నలో డైరెక్టరీ పేరు కూడా చూపించండి, "డేటా" అంటే దేని గురించో ఆయనకి తెలియాలి.

రాసేటప్పుడు రెండు గోతులున్నాయి. పర్జ్ నడిచే టైంకి మీ డిపెండెన్సీలు ఏవీ మిగలకపోవచ్చు, డెబ్‌కాన్ఫ్ కూడా పోయి ఉండొచ్చు. కాబట్టి తీసేశాక నడిచే పోస్ట్‌ఆర్‌ఎం స్క్రిప్ట్‌లో, డెబ్‌కాన్ఫ్‌తో మాట్లాడించే కాన్ఫ్‌మాడ్యూల్ ఫైలు ఉందో లేదో చూసి, ఉంటేనే పిలవండి, లేకపోతే అడగకుండా డేటాని అలాగే వదిలెయ్యండి. రెండోది, అడగాల్సింది డీబీ_పర్జ్‌కి ముందు. డెబ్‌హెల్పర్ డీబీ_పర్జ్ లాంటి తన లైన్లని మీ స్క్రిప్ట్‌లో రెండు హ్యాష్‌ల మధ్య డెబ్‌హెల్పర్ అని రాసినచోట చొప్పిస్తుంది, మీ ప్రశ్న దాని కింద పడితే ప్రశ్నే మాయమైపోయాక అడుగుతున్నట్టు అవుతుంది. ప్రీఆర్‌ఎం, పోస్ట్‌ఆర్‌ఎం అప్‌గ్రేడ్‌లో కూడా నడుస్తాయని మర్చిపోకండి, మొదటి ఆర్గ్యుమెంట్ చూడకుండా అడిగితే ప్రతి అప్‌గ్రేడ్‌కీ "డేటా తీసెయ్యనా" అని భయపెడతారు.

పోస్ట్‌ఇన్‌స్ట్‌లోనే అడగాల్సిన ప్రశ్న ఉంటే (తప్పనిసరైతేనే) ఇలాగే ఆర్గ్యుమెంట్ చూడండి, అప్‌గ్రేడ్ చెడి వెనక్కి తిరిగినప్పుడు అబార్ట్-అప్‌గ్రేడ్ లాంటి పేర్లతో కూడా దాన్ని పిలుస్తారు. సర్వీస్ మొదలుపెట్టే ముందు డీబీ_స్టాప్ పెట్టండి. లేకపోతే డెమన్ (వెనక నడిచే ఆ సర్వీస్) డెబ్‌కాన్ఫ్ పైపుని పట్టుకునే ఉండిపోయి, అంతా అయిపోయినా ఇన్‌స్టాల్ కదలకుండా నిలబడుతుంది, కారణం వెతకడానికి ఒక పూట పోతుంది.

బయటికి వదిలే ముందు

డెబియన్_ప్రయారిటీని లో అని పెట్టి ఖాళీ మెషిన్‌లో ఇన్‌స్టాల్ చేసి మీ ప్రశ్నలన్నీ ఒకసారి కొత్తవాడిలా చదవండి. తర్వాత నాన్‌ఇంటరాక్టివ్‌లో, ఇన్‌పుట్‌ని డెవ్ నల్ (ఎప్పుడూ ఖాళీగా ఉండే ఫైలు) నుంచి ఇచ్చి అదే పని చెయ్యండి, ఎక్కడా ఆగకూడదు. ఈటీసీలో ఫైలు చేత్తో మార్చి అప్‌గ్రేడ్ చెయ్యండి, మార్పు మిగలాలి. అదే స్థితిలో డీపీకేజీ-రీకాన్ఫిగర్ నడపండి, అది మామూలుగా లో స్థాయి ప్రశ్నలు కూడా చూపిస్తుంది, అక్కడ మీరు చేత్తో రాసిన విలువే డీఫాల్ట్‌గా కనపడాలి. కనపడలేదంటే కాన్ఫిగ్ స్క్రిప్ట్ ఫైలుని చదవడం లేదని అర్థం. లింటియన్ సగం తప్పులు పడుతుంది, పీయూపార్ట్స్ ఇన్‌స్టాల్, రిమూవ్, పర్జ్ వరసగా చేసి ఏం మిగిలిపోయిందో చెబుతుంది. ఎక్కడ ఏ కమాండ్ వెళ్తోందో చూడాలంటే డెబ్‌కాన్ఫ్_డీబగ్‌ని డెవలపర్ అని పెట్టి నడపండి.

ఫెడోరా వైపు నుంచి వచ్చినవాళ్ళకి ఈ గోలంతా వింతగా ఉంటుంది, అక్కడి ప్యాకేజీ పద్ధతైన ఆర్‌పీఎంలో స్క్రిప్ట్‌లు అసలు అడగనే కూడదు, సెట్టింగ్‌లన్నీ ఇన్‌స్టాల్ అయ్యాక యూజరే చూసుకోవాలి. అదీ ఒక దారే, ప్యాకేజీ కట్టేవాడికి చాలా సుఖం కూడా. డెబియన్ అడగనిస్తుంది కాబట్టి, టెంప్లేట్స్ ఫైలు తెరిచి ఒక్కో ప్రశ్న తీసేసి చూడండి, దాన్ని తీసేశాక కూడా ప్యాకేజీ సరిగ్గా నడిచిందంటే మళ్ళీ పెట్టకండి.